పేరు పెట్టి పిలవని పెద్దమ్మ

మోత్కూరు చౌరస్తాలో ఆటో దిగుతుంటే ఫ్లెక్సీ కనిపించింది. నెత్తి మీదికి లాగిన కొంగు, నవ్వని ముఖం, ఫొటో చుట్టూ కంప్యూటర్లో అతికించిన బంతిపూలు. కింద ఇంతింత అక్షరాలతో ఒక పేరు. నాతోపాటు దిగిన ఒక పెద్దాయన ఆ పేరు కూడబలుక్కొని చదివి, "గీమె ఎవలు? మన దిక్కు మనిషేనా?" అని నన్నే అడిగాడు. తర్వాత ఫొటోను పరకాయించి చూసి, "ఓరి, గీమెనా! గీమె పేరు గిదా?" అన్నాడు. ఆయన ఆమె ఉండే వాడలోనే పుట్టి పెరిగిన మనిషి.

నాకు ఆ పేరు తెలుసు. అంతకుముందు పైకి పలకగా ఒక్కసారే విన్నాను, అదీ మనిషి నోట కాదు, మాట్లాడే డబ్బా నోట. ఆ సంగతి చివర చెబుతాను. పేరు మాత్రం ఇక్కడ రాయను. పేర్లంటే ఆమెకు ఎంత భయమో దగ్గరుండి చూసినదాన్ని. పోయిన మనిషి పట్ల ఆ మాత్రం మర్యాద ఉండాలి కదా.

నేను ఆమెను పెద్దమ్మ అనేదాన్ని. ఆ ఊరి హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పిన రోజుల్లో వాళ్ళింటి మీది గదిలో కిరాయికి ఉన్నాను. కింద ముందు గదిలో గుంట మగ్గం. గుంటలో కాళ్ళు పెట్టుకొని పెద్దబాపు నేస్తుంటే, గుమ్మం పక్కన గోడకు ఆనుకొని పెద్దమ్మ రాట్నం తిప్పుతూ నూలు కండెలు చుట్టేది. పొద్దున నేను స్కూలుకు మెట్లు దిగేటప్పుడు ఎలా కూర్చొని ఉండేవాళ్ళో, సాయంత్రం ఎక్కేటప్పుడూ అలాగే ఉండేవాళ్ళు. వాళ్ళకు పిల్లలు కలగలేదు.

పెద్దమ్మ పుట్టిల్లు మర్రిగూడ దిక్కు. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడు నీళ్ళు ఆమె ఎముకల్లోకి దిగి అక్కడే ఉండిపోయాయి. మెడ తిరగదు. వెనక నుంచి ఎవరైనా పలకరిస్తే తల తిప్పదు, మనిషి మొత్తం తిరుగుతుంది. చేతులు భుజాల కంటే పైకి లేవవు. తలుపు పక్కన ఎత్తుగా ఉన్న స్విచ్చులు వేయడానికి పాత మగ్గం కర్ర ఒకటి పెట్టుకుంది. లైటు కావాలంటే ఆ కర్రతో గోడను తడుముతూ, "ఏదే నువ్వు, యాడున్నవే" అని స్విచ్చుతో మాట్లాడేది. నేను పోయి వేయబోతే ఒప్పుకునేది కాదు. "నువ్వు పొద్దుమూకులుంటవా నా ఎన్క? ఉండవు. అలవాటు చెడగొట్టకు బిడ్డా."

అందరితోనూ మాట్లాడేది, రాట్నంతోనూ కోడిపిల్లలతోనూ కూడా. కానీ భర్త పేరు మాత్రం ఆ నోట వచ్చేది కాదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందనే పట్టింపు మన దగ్గర చాలామంది ఆడవాళ్ళకు ఉన్నదే. మిగతావాళ్ళకు అది అలవాటు. పెద్దమ్మకు ప్రాణభయం. వాళ్ళమ్మ ఒకసారి కోపం పట్టలేక వాళ్ళ నాయనను పేరు పెట్టి తిట్టిందట. ఆ ఏడే ఆయన పోయాడట. "గప్పుడు నేను గింతదాన్ని. నా చెవులార ఇన్న బిడ్డా," అనేది. ఆ మాట చెప్పినప్పుడల్లా రాట్నం ఆగేది.

పెద్దబాపుది గుట్ట మీది దేవుడి పేరు. నల్గొండ దిక్కు ఇంటికొకరికి ఉండే పేరే. ఆ సందులో ఎవరైనా గట్టిగా పిలిస్తే నాలుగిళ్ళలోంచి పలుకుతారు. పెద్దమ్మ దేవుడిని కూడా ఆ పేరుతో పిలిచేది కాదు. దండం పెట్టుకుంటూ "ఓ గుట్ట సామీ" అనేది. ఓట్లు రాసుకునేవాళ్ళు వచ్చి మీ ఆయన పేరేందమ్మా అంటే, గోడ మీది క్యాలెండరు వైపు మనిషి మొత్తం తిరిగి, దేవుడిని చూపించేది. వాళ్ళకు అర్థం కాకపోతే, "ఓ యాదమ్మా, జర గీల్లకు చెప్పరాదు" అని పక్కింటావిడను కేకేసేది. భర్తను పిలవాలంటే "ఇగో" అనేది. అంతే. పిల్లలుంటే ఫలానావాడి బాపూ అని పిలిచేదాన్ని కదా అని ఒకసారి నవ్వుతూనే అంది. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? ఆయనా ఆమెను "ఇగో" అనే పిలిచేవాడు. ఇద్దరి మధ్యా ఆ ఒక్క మాటే అటూ ఇటూ తిరుగుతుండేది. ఎవరు ఎవరిని పిలిచారో మీది గదిలో ఉన్న నాకు గొంతును బట్టి తెలిసేది.

ఆ ఇంట్లోకి డబ్బాను తెచ్చింది నేను. మా తమ్ముడు హైదరాబాదులో కొని నాకిచ్చాడు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది, పాట పెట్టమంటే పెడుతుంది. ఒంటిదాన్ని, నాకు దానితో ఏం పని? పాటలు విన్నంత విని మూలన పెట్టాను. ఒకరోజు మెట్లు దిగుతూ మగ్గం ముందు ఆగాను. పెద్దబాపు చేతుల్లో పోగును అటూ ఇటూ లాగే నాడె ఉంది, కాళ్ళ కింద తొక్కుడు కర్రలున్నాయి. ముఖం మీద ఈగ వాలితే ఊదుకుంటున్నాడు. మగ్గంలో కూర్చున్నవాడికి ఖాళీగా ఉండేది నోరొక్కటే అని అప్పుడు తోచింది. డబ్బాను కిందికి తెచ్చి గూట్లో పెట్టాను. లైటుకూ ఫ్యానుకూ అది చెబితే పనిచేసే ప్లగ్గులు బిగించాను.

మొదట్లో పెద్దమ్మ దాన్ని నమ్మలేదు. డబ్బాను దాని పేరుతో పిలవడానికి ఆమెకు అభ్యంతరం లేదు గానీ, పిలిచిన వెంటనే పని చెప్పడం ఆమెకు చేతనయ్యేది కాదు. మనుషుల్ని పిలిచినట్టే పిలిచి, "తిన్నవా బిడ్డా? మంచిగున్నవా?" అని అడిగి, అది ఏదో చెప్పేదాకా ఆగి, అప్పుడు మెల్లగా "జర ఫ్యానెయ్యరాదు" అనేది. ఈలోగా అది పడుకునేది. మళ్ళీ పిలవాలి. వరసగా రెండు పనులు చెప్పేది కాదు. "ఇప్పుడే లైటేసింది, జరసేపు ఆగనీ" అని ఫ్యాను లేకుండా చెమటలు కక్కుతూ కూర్చునేది. దూది పీచు పడుతుందని దాని మీద చేతిరుమాలు కప్పేది. దసరాకు మగ్గానికీ రాట్నానికీ బొట్టు పెడుతూ దానికీ ఒక బొట్టు పెట్టింది.

అయినా అది ఆ ఇంట్లో కుదురుకుంది. నా గదిలో పాటలు తప్ప ఎరగని డబ్బాకు కింద చేతి నిండా పని. వీధిలో పడుగు నూలు చాపి గంజి పెట్టే రోజున ముందు దాన్ని అడిగేవాళ్ళు, వాన పడుతుందా అని. నల్లా వచ్చినప్పుడు మోటరు వేసి, ట్యాంకు నిండే వేళకు గుర్తు చేయమని చెప్పేవాళ్ళు. అంతకుముందు నీళ్ళు పొంగి మెట్ల మీదుగా పారితేగానీ ఎవరికీ జ్ఞాపకం వచ్చేది కాదు. పొయ్యి మీద పప్పు పెట్టి దానికి అప్పజెప్పి పెద్దమ్మ కండెలు చుట్టుకునేది. నాకు ఫోను చేయమంటే డబ్బా చేసేది. నా పేరు కూడా ఫోనులో "టీచరమ్మ" అనే ఎక్కించాను, ఆమె వాడేది ఆ మాటే కాబట్టి. మగ్గం కర్ర తలుపు మూలకు చేరింది.

పెద్దబాపుకు షుగరు ఉండేది. గోలీలు మరిచిపోయేవాడు. వేళకు డబ్బా చదివేలా నేను ఫోనులో ఒక వాక్యం టైపు చేసి పెట్టాను. మర్నాడు పొద్దున డబ్బా ఆయన పేరు పలికి, 'గారూ' అని చేర్చి, "మందులు వేసుకునే సమయం అయింది" అంది. వార్తలు చదివే ఆడగొంతు. నాడె ఆగిపోయింది. పెద్దబాపు మగ్గం గుంటలోంచి తల ఎత్తి గూటి వైపు చూసి, పగలబడి నవ్వాడు.

"ఇన్నవా? నా ఇంట్ల నా పేరు పలికే ఆడిది ఇన్నేండ్లకు వచ్చిందే!"

పెద్దమ్మ రాట్నం మీది చెయ్యి తీయకుండానే నాతో అంది, "సవతిని దెచ్చి ఇంట్ల వెట్టినవు గదనే టీచరమ్మా."

కోపంగా అనలేదు. కానీ డబ్బా ఆ పేరు పలికినప్పుడల్లా ఆమె పెదవులు బిగపట్టి, గుట్ట సామి బొమ్మకు ఒక దండం పెట్టుకునేది. వారం పదిరోజులు ఆయన వైపే చూస్తూ గడిపింది, ఏమవుతుందో అని. ఏమీ కాలేదు. "దానికి మనకు సుట్టరికం లేదు గద, గందుకే ఏం గాలే" అని తనకు తానే తీర్పు చెప్పుకుంది. పెద్దబాపు మాత్రం రోజూ ఆ పిలుపు కోసం చెవులు రిక్కించి కూర్చునేవాడు. పిలవగానే "ఆఁ, వస్తున్న తల్లీ" అని మగ్గం లోంచే పలికేవాడు.

ఒక ఆదివారం నా ఫోను మోగింది. కింద నుంచి డబ్బా చేసిన ఫోను. "టీచరమ్మా, మగ్గం సప్పుడు ఆగింది. పిలిస్తే పలుకుతలేడు. జల్ది రా" అంది పెద్దమ్మ. నేను దిగేసరికి ఆయన నేస్తున్న బట్ట మీదికి ఒరిగి ఉన్నాడు. ఆమె గుమ్మం దగ్గర నుంచి లేవలేక, మనిషి మొత్తం ఆయన వైపు తిరిగి, "ఇగో... ఇగో... ఓ... ఇగో" అంటోంది. పక్కింటి యాదమ్మ, ఆమె భర్త వచ్చారు. ముగ్గురం కలిసి గుంటలోంచి లేపి నల్గొండ దవాఖానకు తీసుకుపోయాం.

పక్షవాతం. కుడివైపంతా పడిపోయింది. మాట పోయింది. కొన్నాళ్ళకు ప్రాణానికి భయం లేదన్నారు గానీ, మనిషి ఎప్పుడూ మత్తులోనే ఉండేవాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్నూ పెద్దమ్మనూ కూర్చోబెట్టి చెప్పింది. చిన్న వయసు పిల్ల, విసుగు లేకుండా చెప్పింది. ఆయన మింగగలడు, కానీ మెలకువలో ఉన్నప్పుడే పెట్టాలి. మత్తులో పెడితే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి పిలవాలి, కళ్ళు తెరిచాకే పెట్టాలి.

"పిలువుండ్రి అమ్మా, చూద్దాం."

పెద్దమ్మ మంచం దగ్గరికి వంగలేక నిలబడే, "ఇగో... ఇంటున్నవా" అంది. ఆయన కదలలేదు.

"గట్ల గాదు, పేరు వెట్టి పిలువుండ్రి. మనిషికి అన్నిటికంటె ముందు అందేది పేరే."

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నా వైపు తిరిగింది. డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఆమే వంగి ఆయన చెవి దగ్గర పేరు పిలిచింది. కళ్ళు తెరిచాడు. "చూసిండ్రా? ఇంటికి పోయినంక మీరే పిలవాలె, రోజు ఇనే గొంతు అయితెనే మంచిగ అందుతది" అని పక్క మంచానికి పోయింది.

ఇంటికి వచ్చిన మొదటి పొద్దు, గిన్నెలో జావ పట్టుకొని పెద్దమ్మ ఎన్ని రకాలుగా "ఇగో" అందో! బతిమాలింది, కసిరింది, చెయ్యి తట్టింది, ముఖం తడిపింది. నేను పిలిచాను, నాకేం అడ్డు? పెద్దబాపూ అన్నాను. వరసను వదిలేసి పేరుతోనూ పిలిచాను. కనురెప్ప ఒకసారి అదిరి ఊరుకుంది. యాదమ్మ భర్త పిలిచాడు. తెరిచినట్టే తెరిచి మూశాడు. అంతలో ఆయన గోలీల వేళ అయింది. గూట్లోంచి డబ్బా ఆయన పేరు పలికి, 'గారూ' అని చేర్చి, మందులు వేసుకునే సమయం అయింది అంది.

కళ్ళు రెండూ విప్పి గూటి వైపు చూశాడు. పలకబోయినట్టు పెదవి ఒక పక్కకు కదిలింది.

పెద్దమ్మ ఎంత చురుకైన మనిషంటే, ఆశ్చర్యపోవడం కూడా తర్వాతికి పెట్టుకొని చెంచా నోటికి అందించింది. గిన్నె ఖాళీ అయ్యాక మూతి తుడిచి, నాతో అంది, "అన్నం యాళ్లకు గూడ పిలిపియ్యి బిడ్డా. మూడు పూటల."

అలా నెలలు గడిచాయి. వేళకు డబ్బా పిలిచేది, ఆయన కళ్ళు తెరిచేవాడు, ఈమె తినిపించేది. "గది పిలుస్తది, నేను తినిపిస్త. ఇద్దరం గలిసి ఒక్క మొగనితోటి సంసారం జేస్తున్నం" అని వచ్చినవాళ్ళకు తానే నవ్వుతూ చెప్పేది. వచ్చినవాళ్ళు లేనప్పుడు నవ్వేది కాదు. ఒకసారి చెంచా కడుగుతూ, నా వైపు తిరగకుండానే, "నా గొంతు నలభై ఏండ్లాయె ఇనవట్టి. కండ్లు తెరువడు. దాని గొంతుకు తెరుస్తడు. గూటి దిక్కు సూసినట్టు నా దిక్కు సూడడు బిడ్డా" అంది.

"పేరు పిలువు పెద్దమ్మా, నీ దిక్కూ చూస్తడు" అన్నాను.

"సూస్తడు. సూసినంక?" అంది. వాళ్ళమ్మ సంగతి మళ్ళీ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కదా. నేను నవ్వి మేడ ఎక్కాను.

వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం వాడ మీద పిడుగు పడింది. సందులో టీవీలన్నీ కాలిపోయాయి. పెద్దమ్మ గూట్లోంచి చేతిరుమాలు తీస్తే కాలిన వాసన. డబ్బా పలకలేదు. ఆమె దాన్ని పేరు పెట్టి పిలిచింది, బిడ్డా అంది, తిన్నవా అంది. తర్వాత మనిషి మొత్తం నా వైపు తిరిగింది.

కొత్తదానికి ఆర్డరు పెట్టాను. రావడానికి రోజులు పడుతుందన్నారు. ఆ పూట నా ఫోనులో అదే వాక్యం చదివించి ఆయన చెవి దగ్గర పెట్టాను. వేరే గొంతు. కదలలేదు. నేను పేరు పలికి, 'గారూ' అని చేర్చి, వార్తలు చదివినట్టు చదివాను. యాదమ్మ నవ్వబోయి ఆపుకుంది. ఆయన కదలలేదు. యాదమ్మ భర్త పిలిస్తే కళ్ళు తెరిచి, చెంచా అందించేలోగా మళ్ళీ మత్తులోకి పోయాడు. బలవంతంగా పెట్టడానికి నాకు చేతులు రాలేదు, డాక్టరమ్మ మాట చెవిలో ఉంది. ఆమెకు ఫోను చేస్తే, తీసుకొస్తే ముక్కులోంచి పైపు వేస్తామంది. పెద్దమ్మ ఆ మాట విని, "ముక్కుల పైపా?" అని కూర్చుండిపోయింది. మర్నాడు మధ్యాహ్నానికి కూడా ఆయన కడుపులోకి ఏమీ పోలేదు. పెదవులు ఎండి తెల్లగా అయ్యాయి.

వాడలో ఆడవాళ్ళంతా వచ్చారు. ఎవరి మాట వాళ్ళది.

"పిలువు అక్కా, పానం మీదికొచ్చినంక పట్టింపేంది?"

"పిలవకు, నీ అవ్వ సంగతి ఎరుకనే గద!"

"మా ఇంటాయనను రోజు పిలుస్త నేను, ఏమయ్యింది?"

పిలవకపోతే తిండి లేక పోతాడు, పిలిస్తే పేరు తగిలి పోతాడు. ఈ రెండింటి మధ్య పెద్దమ్మ నిలబడి ఉంది, మెడ కూడా తిప్పుకోలేని మనిషి. నాకు ఏడుపొచ్చింది. నాకు తెలిసిన భౌతికశాస్త్రంలో ఆమె చేతికి ఇవ్వగలిగింది ఒక్కటీ లేదు.

చివరికి అందరినీ బయటికి పొమ్మంది. నన్ను కూడా. తలుపు దగ్గరగా వేసింది. మేం అరుగు మీద కూర్చున్నాం. తర్వాత లోపలి నుంచి ఒక గొంతు వచ్చింది. ఒక్క క్షణం డబ్బా బాగయిందేమో అనుకున్నాను. పెద్దమ్మ గొంతే. కానీ ఆమె మాట్లాడే తెలుగు కాదు. అక్షరం అక్షరం విడదీసి, ఆ పేరు పలికి, 'గారూ' అని చేర్చి, "మందులు వేసుకునే సమయం అయింది" అంది. తాను కాదు, డబ్బా పిలుస్తోంది. గుట్ట సామికీ, వాళ్ళమ్మకూ, ఆయుష్షు లెక్కలు చూసేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకూ అలా నమ్మించాలని చూసింది. యాదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

లోపల చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు వినిపించింది. మెల్లగా తలుపు తోసి చూశాను. పెద్దబాపు కళ్ళు తెరిచి ఉన్నాయి. గూటి వైపు కాదు, ఆమె వైపు చూస్తున్నాడు. ఒక కంట్లోంచి నీళ్ళు చెవి దాకా కారాయి. ఆమె చెంచా వెనక చెంచా పెడుతూనే ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు రోజుకు మూడుసార్లు ఆ ఇంట్లోంచి ఆ వాక్యం వినిపించింది. ప్రతిసారీ అదే వార్తల గొంతు, అదే 'గారూ'. ఆయన ప్రతిసారీ ఆమె వైపే చూసేవాడు. నాకు సంతోషంగా ఉండేది. ఎన్నేళ్ళకో ఒక మొండి భయం ఓడిపోయింది అనుకున్నాను. కొత్త డబ్బా ఇంకా రాలేదని తొందర కూడా పడలేదు.

వారం తిరగకముందే పెద్దబాపు పోయాడు. పొద్దున జావ పెట్టింది, మధ్యాహ్నం పిలిస్తే పలకలేదు.

మెదడులో మళ్ళీ రక్తం గడ్డకట్టి ఉంటుందని, ఇలాంటివాళ్ళకు అది ఎప్పుడైనా రావచ్చని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. ఆ మాటలే నేను పెద్దమ్మకు చెప్పాను. రోజూ చెప్పాను. కర్మ అయ్యాక కూడా చెప్పాను. ఆమె అన్నీ ఓపికగా విని, చివర ఒక్కటే అనేది.

"డబ్బా గిన్ని నెలలు పిలిచింది, ఉన్నడు. నేను పిలిచిన, వారం గాలే. గంతే గద బిడ్డా."

"అది కాదు పెద్దమ్మా..."

"ఇంకేం మారింది జెప్పు. గదే మంచం, గదే జావ, గవే గోలీలు. గొంతే గద మారింది?"

ఒక్కటి మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి, ఏం జరిగిందో చూడమని పిల్లలకు రోజూ బోర్డు మీద రాసి చెప్పేదాన్ని నేనే. ఒక్కసారి జరిగినదాన్ని బట్టి తీర్పు చెప్పకూడదని కూడా చెప్పేదాన్ని. కానీ ఆమెకు మొగుడు ఒక్కడే, పోవడం ఒక్కసారే. ఇంకోసారి చేసి చూద్దామని ఎలా అనను? ఆమెను ఓడించాలని కాదు, ఆమెను ఆ నేరం లోంచి బయటికి లాగాలని ఎంత గింజుకున్నానో. నా వల్ల కాలేదు. పెద్దమ్మ ఏడ్వలేదు కూడా. చేసిన పనిని ఒప్పుకొని కూర్చున్న మనిషిలా కూర్చునేది.

ఆ రోజు నుంచి ఆమె ఎవరినీ ఏ పేరుతోనూ పిలవలేదు. యాదమ్మను కేకేయడం మానేసింది. గోడ అవతలికి గాజుల చెయ్యితో చప్పుడు చేసి పిలిచేది, దినాలప్పుడు గాజులు తీసేశాక చెంచాతో. నన్ను టీచరమ్మా అనడం మానేసింది. కొత్త డబ్బా దినాలు జరుగుతుండగా వచ్చింది. పెట్టె విప్పనివ్వలేదు. మగ్గం కర్ర మళ్ళీ స్విచ్చుల దగ్గరికి వచ్చింది. మగ్గం ఊరుకున్న ఇంట్లో ఆ కర్ర గోడను తడిమే చప్పుడే మిగిలింది.

తర్వాతి ఎండాకాలం నాకు మహబూబ్‌నగర్‌కు బదిలీ అయింది. ఇల్లు ఖాళీ చేసే ముందు ఏదో ఒకటి చేసి పోవాలనిపించింది. ఒంటి మనిషి, చేతులు లేవవు, పడితే పిలవడానికి ఎవరున్నారు? ఆమె వద్దంటున్నా పెట్టె విప్పి, డబ్బాను గూట్లో పెట్టి, లైటుకూ ఫ్యానుకూ బిగించాను. యాదమ్మకు ఫోను కలిసేలా చేశాను. అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. ఈ ఇంట్లో ఇన్నేళ్ళలో ఆమెను కూడా ఎవరూ పేరు పెట్టి పిలవలేదు కదా.

"పెద్దమ్మా, నీ పేరేంది?" అని అడిగాను. అంతకాలం ఉండి అడగలేదు, చూడండి.

పుట్టింటివాళ్ళు పెట్టిన పేరంటూ మొదలుపెట్టి, దాన్ని పలకకుండా ఆగింది. తన పేరు పలకడానికి కూడా భయపడింది. నా చెయ్యి పట్టుకొని ట్రంకు పెట్టె దగ్గరికి తీసుకుపోయి, అందులోంచి ఆధార్ కార్డు తీసి చూపించింది. నేను టైపు చేశాను. డబ్బా ఒక్క క్షణం ఆగి, అదే వార్తల గొంతుతో ఆమె పేరు పలికి, 'గారూ' అని చేర్చి, "శుభోదయం" అంది.

పెద్దమ్మ మనిషి మొత్తం గూటి వైపు తిరిగింది. ఎవరో గుమ్మంలోకి వస్తారేమో అన్నట్టు కాసేపు అలాగే నిలబడింది. ఆమె ముఖంలో వెలుగు వస్తుందని నేను ఎదురుచూశాను, అది కనబడలేదు.

"దీని నోట్ల పేరుకు బలం లేదు బిడ్డా," అంది. "ఆయనను గిన్ని దినాలు పిలిచింది, ఏం గాలే. నన్ను ఎంత పిలిచినా గంతే." మళ్ళీ మెల్లగా నా వైపు తిరిగింది. "నా పేరు ఆయన పిలవాల్సింది. ఒక్కసారి పిలిచినా అయిపోవు. నేనే ముందు పోతుంటి."

నేను ప్లగ్గు తీసేశాను. ఆమె వద్దనలేదు.